పోయింది ఏ డిస్కు?



కంప్యూటర్ ఆన్ చేస్తారు. విండోస్ ఇంకా రాదు. నల్లటి తెర మీద నాలుగు లైన్లు మెరిసి మాయమవుతాయి. వాటిలో ఒక మాట ఉంటుంది, 'డిగ్రేడెడ్' అని. ఆ వెంటనే కంప్యూటర్ ఎప్పట్లాగే తెరుచుకుంటుంది. ఫొటోలు ఉన్నాయి. లెక్కల ఫైళ్లు ఉన్నాయి. పాటలూ ఉన్నాయి. అన్నీ ఉన్నాయి కదా, తర్వాత చూద్దాంలే అని కొందరు ఊరుకుంటారు. అలా నెలలు గడిచిపోతాయి. ఇంకొందరు అప్పటికప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకుని డబ్బా విప్పేస్తారు. నష్టం ఇద్దరికీ ఉంది. ఊరుకున్నాయనకు అది ఎప్పుడో వస్తుంది. విప్పినాయనకు ఆ సాయంత్రమే రావచ్చు.

ఈ మాట కనిపించేది రెండు హార్డ్‌డిస్కులు జతగా పెట్టుకున్న కంప్యూటర్లలో. ఒకదానిలో ఏది రాస్తే రెండోదానిలోనూ అదే రాస్తారు. దీన్ని మిర్రరింగ్ అంటారు. రెయిడ్ వన్ అని కూడా అంటారు. ఒక డిస్కు పాడైపోయినా రెండోది పని నడిపిస్తుంది. అందుకే 'డిగ్రేడెడ్' అని వచ్చాక కూడా ఫైళ్లన్నీ కనిపిస్తాయి. ఆ మాటకు డేటా పోయిందని అర్థం కాదు. జతలో ఒకటి తప్పుకుంది, ఇక మిగిలింది ఒక్కటే అని అర్థం.

రెయిడ్ అనే పేరు పుట్టింది అమెరికాలో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ అనే ముగ్గురు 1988లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పట్లో ఐబీఎం 3380 అనే భారీ డిస్కు ఉండేది. అందులో 7,500 మెగాబైట్లు పట్టేవి. ఇప్పుడు జేబులో పట్టే పెన్‌డ్రైవ్ అంతకన్నా ఎక్కువే మోస్తుంది, అది వేరే సంగతి. ఆ పెద్ద డిస్కు బదులు 100 మెగాబైట్ల చవక డిస్కులు గుంపుగా పెడితే ఎలా ఉంటుందని వాళ్లు లెక్కలు కట్టారు. డిస్కులు ఎక్కువైతే ఏదో ఒకటి పాడయ్యే అవకాశం కూడా ఎక్కువవుతుంది. ఆ దెబ్బను తట్టుకునే పద్ధతులకు వరస నంబర్లు ఇచ్చారు. ఒకటో నంబరు ఈ జంట డిస్కులది. జంటగా రాయడం వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. బ్యాంకులు వాడిన టాండెమ్ కంపెనీ కంప్యూటర్లలో అది అంతకుముందే ఉంది. ఇవాళ అదే ఏర్పాటు మన ఇంటి బల్ల కింది డబ్బాలోకి వచ్చేసింది. చాలా మదర్‌బోర్డులు దాన్ని ఇస్తున్నాయి. విండోస్‌లో 2012 నుంచి స్టోరేజ్ స్పేసెస్ అనే పేరుతో ఉంది. లినక్స్‌లో ఎండీ అనే ఏర్పాటు ఉంది.

అందరికీ దీని అవసరం లేదు. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ఇంట్లో కూర్చుని నలుగురి జీఎస్టీ లెక్కలు చూసేవాళ్లు పెట్టుకుంటారు. పని ఆగకూడదని పెట్టుకుంటారు. ఆగినప్పుడు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

కిరాణా కొట్లో ఇద్దరు గుమాస్తాలు ఉన్నారనుకోండి. షావుకారు చెప్పే ప్రతి పద్దునూ ఇద్దరూ చెరో పుస్తకంలో రాస్తారు. ఒకతనికి జ్వరం వచ్చింది. వారం రోజులు కొట్టుకు రాలేదు. రెండో అతను రాస్తూనే ఉన్నాడు. వారం తర్వాత మొదటి అతను పాత పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. ఇప్పుడు రెండు పుస్తకాలూ మళ్లీ ఒక్కటిగా ఉండాలి. ఎవరిది చూసి ఎవరు రాయాలి? రోజూ వచ్చినవాడిది చూసి రానివాడు రాసుకోవాలి. తిరగేసి చేస్తే వారం పద్దులు గల్లంతు. లేదూ, కొత్త గుమాస్తా తెచ్చిన తెల్ల పుస్తకమే అసలుదని షావుకారు పొరపాటున చెప్పాడా, మొత్తం పద్దులే గల్లంతు.

జంట డిస్కులను బాగుచేయడమంటే సరిగ్గా ఇదే. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎత్తిరాయడం. కంప్యూటర్‌కు మొహమాటం ఉండదు. ఎటు నుంచి ఎటు రాయమంటే అటు రాసేస్తుంది. కాబట్టి ఇవాళ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. మరమ్మతుకు చెయ్యి వేసే ముందు, మంచి డిస్కు ఏదో నంబరుతో సహా తెలియాలి. మళ్లీ చెప్తాను. మంచి డిస్కు ఏదో, నంబరుతో సహా తెలియాలి.

నంబరు దాకా ఎందుకంటే, ఒక మాదిరి పట్టణంలో ఫొటో స్టూడియో ఉందనుకుందాం. యజమాని ఇంట్లో కంప్యూటర్‌కు జంట డిస్కులున్నాయి. ఒకటి పోయింది. తెలిసిన కుర్రాణ్ణి పిలిచాడు. కుర్రాడు డబ్బా విప్పి అడిగాడు.

"అన్నా, రెండిట్లో ఏది పోయింది?"

"డిస్క్ వన్ అని చూపించింది తమ్ముడూ. వన్ అంటే మొదటిదే కదా. పైన ఉన్నదే అయ్యుంటుంది."

ఇక్కడే కొంప మునుగుతుంది. విండోస్ డిస్కులను సున్నా నుంచి లెక్కపెడుతుంది. మొదటిది డిస్క్ జీరో. డిస్క్ వన్ అంటే రెండోది. ఇక పై అరలో ఉన్న డిస్కు వైరు మదర్‌బోర్డులో ఏ సాకెట్‌కు వెళ్లిందో బిగించినవాడికే తెలుసు. లినక్స్‌లో అయితే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి మారిపోతాయి. వరసను నమ్మడానికి లేదు. పేరును నమ్మడానికీ లేదు. కుర్రాడు పైది ఊడదీశాడు. మంచి డిస్కు బయటికి వచ్చింది. లోపల మిగిలింది మూడు నెలల క్రితం జత నుంచి జారిపోయిన డిస్కు. దానికి ఆ రోజు ప్రాణం లేచి వచ్చింది. కంప్యూటర్ తెరుచుకుంది. కొత్త డిస్కు పక్కన పెడితే, మూడు నెలల నాటి ఫైళ్లను శుభ్రంగా దాని మీదకు ఎత్తిరాసింది. మాఘమాసం పెళ్లిళ్లు ఒక్కటీ లేవు. అప్పటికీ మించిపోయింది లేదు. ఆ పెళ్లిళ్లన్నీ బల్ల మీద ఉన్న డిస్కులో భద్రంగా ఉన్నాయి. కానీ అది పాడైన డిస్కని అనుకుని వారంటీకి పంపేస్తే?

ఆ ముప్పు తప్పించే నంబరు ప్రతి డిస్కు మీదా ఉంటుంది. స్టిక్కర్ మీద అచ్చువేసిన సీరియల్ నంబరు. అదే నంబరును తెర మీద కూడా చూడొచ్చు. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చూపిస్తుంది. లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ అనే ఆదేశం చూపిస్తుంది. తెర మీద పాడైనదిగా చూపిస్తున్న డిస్కు నంబరు కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్ ఆపేయండి. ప్లగ్ తీసేయండి. ఆ తర్వాత స్టిక్కర్‌తో పోల్చండి. చివరి నాలుగు అక్షరాలు కలిస్తే చాలు. పోయిన డిస్కు తెర మీద అసలు కనిపించకపోతే? అప్పుడు కనిపిస్తున్న దాని నంబరు రాసుకోండి. అదే మంచిది. దాని జోలికి వెళ్లకూడదు.

ఇందుకు ఇంకా తేలిక మార్గం ఉంది. డిస్కులు బాగున్న రోజునే, కొన్న రోజునే, నంబరు పెద్ద అక్షరాలతో చిన్న చీటీ మీద రాసి డిస్కు అంచుకు అతికించడం. డబ్బా విప్పగానే కనపడాలి. ఇది పది నిమిషాల పని.

నంబరు తెలిసింది. ఇక బాగుచేద్దామా? ఆగండి. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది ఒక్క డిస్కు. ముందు దాని మీదున్న ముఖ్యమైన ఫైళ్లను బయట ఇంకో చోటికి కాపీ చేయండి. యూఎస్‌బీ హార్డ్‌డిస్కు ఏదైనా సరే. సినిమాల సంగతి తర్వాత. పిల్లల ఫొటోలు, ఆస్తి కాగితాల స్కాన్లు, కస్టమర్ల పని ముందు. ఈలోపు చెక్‌డిస్క్ లాంటి రిపేరు ప్రోగ్రాములు నడపొద్దు. అవి డిస్కు మీద రాస్తాయి. ఇప్పుడు కావాల్సింది చదవడం, రాయడం కాదు.

ఇంకో జాగ్రత్త ఉంది. జత విడిపోయినప్పుడు విండోస్ ఒక్కోసారి ఒక పెట్టె చూపిస్తుంది. ఈ డిస్కును ఇనిషియలైజ్ చేయాలి, ఓకే నొక్కండి అంటుంది. ఓకే కాదు, క్యాన్సిల్ నొక్కాలి. విండోస్ రాకముందు వచ్చే బయాస్ తెరలో క్రియేట్ అనే మాట వచ్చినా అంతే. ఇనిషియలైజ్, ఫార్మాట్, క్రియేట్. ఈ మూడూ కొత్త డిస్కులకు చెప్పే మాటలు. పద్దులున్న పుస్తకాన్ని తెల్ల పుస్తకం చేసే మాటలు.

కాపీ అయ్యింది. ఇప్పుడు స్థిమితంగా అసలు రోగం ఏమిటో చూడొచ్చు. జత నుంచి జారిపోయిన ప్రతి డిస్కూ చచ్చిపోయినట్టు కాదు. ఈ సంగతి తెలియక బాగున్న డిస్కులను పారేసేవాళ్లున్నారు.

మొట్టమొదట అనుమానించాల్సింది వైరును. సాటా కేబుల్ అంటారు. చాలా చవక వస్తువు. దాని మూతి వదులైతే డేటా మధ్యలో చెడుతుంది. ఆ చెడిన లెక్కను డిస్కు తన దగ్గరే దాచుకుంటుంది. డిస్కులన్నిటిలో స్మార్ట్ అనే ఆరోగ్య పట్టిక ఉంటుంది. అందులో 199వ వరస ఈ కేబుల్ తప్పుల లెక్క. సీఆర్‌సీ ఎర్రర్ అని ఉంటుంది. ఆ అంకె పెరుగుతూ ఉంటే డిస్కును కాదు, ముందు కేబుల్‌ను మార్చండి. కేబుల్ మార్చినా ఆ అంకె సున్నాకు రాదు. పాత లెక్క పాత లెక్కే. చూడాల్సింది అది ఇంకా పెరుగుతోందా లేదా అని. ఇవాళ్టి అంకె రాసిపెట్టుకుని, వారం తర్వాత మళ్లీ చూడాలి. కరెంటు ఇచ్చే ప్లగ్ కూడా ఇలాగే వదులవుతుంది. ఒకే వైరుకు చీలిక పెట్టి రెండు డిస్కులకు కరెంటు ఇచ్చారేమో కూడా చూడండి.

అదే పట్టికలో ఇంకో రెండు వరసలు ఉన్నాయి. 5వ వరస, 197వ వరస. డిస్కు పళ్లెం మీద చెడిపోయిన చోట్లను పక్కనపెట్టి, వాటి బదులు వేరే చోట రాసిన లెక్క 5. చదవలేక అనుమానంలో పెట్టిన చోట్ల లెక్క 197. ఇవి పెరుగుతున్నాయంటే మాత్రం రోగం డిస్కుదే. కేబుల్ మారిస్తే పోయేది కాదు.

సరే, ఈ వరసలన్నీ సున్నాలే. డిస్కు ఆరోగ్యంగా ఉందనా? అలా అనుకోవడానికి లేదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పత్రం రాశారు. పాడైన డిస్కుల్లో సగానికి పైగా, నూటికి 56, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఒక్క హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి. పట్టిక చెడ్డదంటే నమ్మండి. మంచిదంటే సగమే నమ్మండి.

ఇంకో విచిత్రమైన రోగం ఉంది. డిస్కూ బాగుంది, కేబులూ బాగుంది, అయినా మాటిమాటికీ జత నుంచి జారిపోతుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కుకు ఒక చోట చదవడం కష్టమైతే పట్టు వదలదు. ఒక్కోసారి నిమిషం పైగా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అది మంచి గుణమే. జతలో ఉన్నప్పుడు కాదు. అవతల లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఎదురుచూస్తుంది. పలకలేదు కాబట్టి పోయిందని తీసేస్తుంది. రెయిడ్ కోసం చేసిన డిస్కులు 7 సెకన్లలో చేతులెత్తేస్తాయి. ఇక్కడ చదవలేకపోయాను, రెండోదాన్ని అడగండి అంటాయి. జతకు కావాల్సింది అదే. కొనేటప్పుడు రెయిడ్ కోసం చేసిందా అని అడగడం అందుకే.

ఇక మూడు వోల్టుల బటన్ బ్యాటరీ గురించి. ఏళ్లనాటి డెస్క్‌టాప్‌లో ఇది బాగా వచ్చే చిక్కు. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే బయాస్ తన సెట్టింగులు మర్చిపోతుంది. గోడ దగ్గర స్విచ్ ఆపి ఊరెళ్లి వచ్చేసరికి గడియారం ఎప్పటిదో తేదీ చూపిస్తుంది. దాంతో పాటు సాటా సెట్టింగు రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐ అనే విడి డిస్కుల సెట్టింగుకు మారిపోవచ్చు. జత మాయం. రెండు విడి డిస్కులు కనిపిస్తాయి. విండోస్ నీలి తెర చూపించి ఆగిపోవచ్చు కూడా. రెండు డిస్కులూ ఒకేసారి పోయాయని గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి ఏమీ పోలేదు. జత వివరాలు డిస్కుల మీదే రాసి ఉంటాయి. బయాస్‌లోకి వెళ్లి ఆ సెట్టింగును తిరిగి రెయిడ్‌కు మార్చితే చాలాసార్లు జత తిరిగి వస్తుంది. కొత్త బ్యాటరీ వేస్తే సరి. గడియారం తప్పిందా, జత మాయమైందా, రెండూ కలిసి వస్తే మొదట చూడాల్సింది బ్యాటరీనే. కంగారులో క్రియేట్ నొక్కినవాళ్లకే అసలు నష్టం.

పాత డిస్కు నిజంగానే పోయిందని తేలింది. కొత్తది కొనాలి. పాతదానంత సైజు కావాలి, లేదా ఎక్కువ కావాలి. ఒక్క మెగాబైటు తగ్గినా జత కుదరకపోవచ్చు. పెట్టాక ఎత్తిరాత మొదలవుతుంది. రీబిల్డ్ అంటారు. నాలుగు టెరాబైట్ల డిస్కు అనుకుందాం. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున రాసినా ఏడు గంటలు దాటుతుంది. మధ్యలో మీరు పనిచేస్తే ఇంకా ఎక్కువ. అందుకని రాత్రి పడుకోబోయే ముందు మొదలుపెట్టడం మేలు. యూపీఎస్ ఉంటే మరీ మేలు. మొదలుపెట్టే ముందు దిక్కు చూసుకోండి. ఎక్కణ్నుంచి ఎక్కడికి? మంచి డిస్కు నంబరు సోర్స్ దగ్గర ఉందా? లినక్స్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఎండీ ప్రతి డిస్కు మీదా ఈవెంట్స్ అనే ఒక లెక్క ఉంచుతుంది. ఎవరి లెక్క ఎక్కువో వాళ్లు చివరిదాకా పనిలో ఉన్నవాళ్లు. జ్వరంతో ఇంట్లో పడుకున్న గుమాస్తా ఎవరో అంకె చూసి చెప్పేయొచ్చు.

ఈ ఏడు గంటలే అసలు గండం. ఎందుకంటే మిగిలిన ఒక్క డిస్కునూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదవాలి. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైలు ఉన్న మూల కూడా చదవాలి. అక్కడ మచ్చ ఉంటే ఇప్పుడే బయటపడుతుంది. ముందు కాపీ తీయమన్నది ఈ భయంతోనే. అలాంటి మచ్చను ముందే పట్టుకోవడానికి, నెలకోసారి రెండు డిస్కులనూ మొత్తం చదివించి పోల్చి చూసే పద్ధతి ఉంది. డెబియన్ లినక్స్ ఆ పని ప్రతి నెలా మొదటి ఆదివారం తనంత తానే చేస్తుంది.

గండం పెరగడానికి ఇంకో కారణం, చాలామంది రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే పెట్టె నుంచి కొంటారు. రెండూ ఒకే బ్యాచ్‌వి. రెండూ ఒకే వేడిలో అన్నే గంటలు తిరిగాయి. ఒకదానికి వచ్చిన రోగం రెండోదానికి రాకూడదని ఏముంది? ఇది ఊరికే భయపెట్టడం కాదు. హెచ్‌పీఈ కంపెనీ 2019 నవంబరులో తన సర్వర్ల ఎస్ఎస్‌డీలలో కొన్నిటి గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. లోపలి ప్రోగ్రాములో తప్పు వల్ల అవి సరిగ్గా 32,768 గంటలు పనిచేసి ఆగిపోతాయని. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. జంటగా ఒకే రోజు ఆన్ చేసిన రెండు డిస్కులు ఒకే గంటలో పోతాయన్నమాట. జత పెట్టుకున్న ప్రయోజనమే లేకుండా పోతుంది. అందుకే ఒకటి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొంటే, రెండోది ఇంకో కొట్లో, వీలైతే ఇంకో కంపెనీది కొనడం తెలివైన పని. కొట్టువాడు రెండిటికీ కలిపి తగ్గించి ఇస్తానన్నా సరే.

జతను చూసుకుని బ్యాకప్ మానేయొద్దు. మీరు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ పోతుంది. వైరస్ తాళం వేస్తే రెండిటికీ వేస్తుంది. షావుకారు తప్పు పద్దు చెప్తే గుమాస్తాలిద్దరూ తప్పే రాస్తారు. 1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 సినిమా ఫైళ్లు ఒక్క డిలీట్ ఆదేశంతో మాయమయ్యాయి. వాళ్ల బ్యాకప్ కూడా సరిగా లేదు. ఇంట్లో పసిబిడ్డ ఉండటంతో అక్కణ్నుంచే పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని కంప్యూటర్‌లో ఒక కాపీ దొరికింది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో ఆఫీసుకు తీసుకెళ్లారు. వేరే ఇంట్లో ఉన్న కాపీ చేసిన పని అది. పక్కపక్కనే ఉన్న జంట చేయగలిగింది కాదు.

చివరగా, బయటికి తీసిన పాత డిస్కు. జంట డిస్కుల్లో ప్రతి ఒక్కటీ మొత్తం డేటా ఉన్న పూర్తి ప్రతి. సగం సగం కాదు. మీ దగ్గర పనిచేయని డిస్కు ఇంకొకరి దగ్గర, ఇంకో కేబుల్‌తో, చక్కగా తెరుచుకోవచ్చు. ఆధార్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కస్టమర్ల ఇంటి ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. కొత్త జత ఎత్తిరాత పూర్తయి, ఫైళ్లు నాలుగు చోట్ల తెరిచి చూసుకునేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు. ఆ తర్వాత అది ఇంకా పలుకుతుంటే, ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, సీరియల్ నంబరు మళ్లీ ఒకసారి పోల్చుకుని, డిస్కు మొత్తం తుడిచేయండి. పలకకపోతే డ్రిల్లుతో పళ్లేల గుండా రంధ్రాలు పెట్టించండి. వారంటీ ఉన్న డిస్కయితే రంధ్రం పెడితే మార్చి ఇవ్వరు. అప్పుడు కొత్త డిస్కు ఖరీదా, లోపలున్న కాగితాలా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి.